పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆట వయసు, క్లబ్బు వయసు

గత సంచికలో ఐర్లండ్‌లో స్థిరపడిన మన జిల్లా వాళ్ల గురించి వేసిన వ్యాసంలో, అక్కడి పిల్లలు బడి వదలగానే కర్రలు పట్టుకుని హర్లింగ్ ఆటకు పోతారని ఒక్క వాక్యం వచ్చింది. ఆ ఒక్క వాక్యం మీదే మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడింటికీ సంబంధం ఉన్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి ఐర్లండ్‌లో టిప్పెరెరీ కౌంటీలోని ఒక చిన్న ఊళ్లో నర్సుగా పనిచేస్తున్నది. తొమ్మిదేళ్ల మనవడు ఆ ఊరి హర్లింగ్ క్లబ్బులో చేరాడు. క్లబ్బువాళ్లు ఇచ్చిన పుస్తకంలో 1886లో స్థాపించినట్టు అచ్చువేశారు. పక్కింటి పెద్దాయన మాత్రం తన ముత్తాత అంతకు ఎంతో ముందే అదే పొలంలో ఆడాడని వాదిస్తున్నాడట. ఎవరి మాట నిజం? ఇలాంటి ఊరి క్లబ్బులు ఎలా పుట్టాయి, మైదానం ఎవరిచ్చారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? మా ఊరి చెడుగుడు జట్టు చరిత్ర రాద్దామని కాగితాలు పోగుచేస్తున్నాను కనుక అడుగుతున్నాను.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుచానూరు

జవాబు: మాస్టారూ, ఇద్దరి మాటా నిజం కావచ్చు. పుస్తకం చెబుతున్నది క్లబ్బు వయసు, పెద్దాయన చెబుతున్నది ఆట వయసు. ఈ రెండింటికీ మధ్య కొన్ని వందల ఏళ్ల తేడా ఉన్నది.

ఆట సంగతి తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. హర్లింగ్‌లో జట్టుకు 15 మంది ఉంటారు. ఒక్కొక్కరి చేతిలో చివర వెడల్పుగా, చదునుగా ఉండే కర్ర ఉంటుంది. దాన్ని ఐరిష్ భాషలో కమాన్ అంటారు. తోలు తొడిగిన బంతిని స్లిటర్ అంటారు, బరువు 110 నుంచి 120 గ్రాములు. బంతిని నేల మీదా కొట్టవచ్చు, గాలిలోనూ కొట్టవచ్చు. గాలిలో వస్తుంటే చేత్తో ఒడిసి పట్టవచ్చు, కర్ర చివర నిలుపుకొని పరుగెత్తవచ్చు. నేల మీద పడివున్న బంతిని మాత్రం నేరుగా చేత్తో తీయకూడదు, కర్రతోనే లేపుకోవాలి. కర్రను భుజానికి పైకి ఎత్తవద్దని డ్రిల్లు మాస్టరు చేత తిట్లు తిన్న మన హాకీ పిల్లలు ఈ ఆటను చూస్తే నోరు తెరుస్తారు.

ఆట ఎంత పాతదంటే, సెటంటా అనే బాలుడు తన మీదికి దూకిన కాపలా కుక్క గొంతులోకి బంతిని కొట్టి దాన్ని చంపి, ఆ కుక్కకు బదులు తానే కాపలా ఉంటానని మాటిచ్చి కూహులిన్ అనే పేరు పొందాడని వాళ్ల పురాణ గాథలు చెబుతాయి. పురాణం సంగతి అలా ఉంచినా, 1366లో కిల్కెన్నీలో చేసిన శాసనాలు అక్కడ స్థిరపడిన ఆంగ్లేయులను ఈ రకం ఆట ఆడవద్దని నిషేధించాయి. జనం ఆడనిదాన్ని నిషేధించవలసిన అవసరం ఏ పాలకుడికీ రాదు కనుక, చరిత్రకారుడికి నిషేధాజ్ఞ కంటే మంచి సాక్ష్యం దొరకదు. 18వ శతాబ్దంలో భూస్వాములు తమ కౌలుదారులతో జట్లు కట్టించి, పందేలు కాసి, వేలమంది చూస్తుండగా పోటీలు నడిపించారు. ఆ శతాబ్దం చివర బ్రిటిష్ పాలన మీద జరిగిన తిరుగుబాటు తరువాత దొరలు ఆటకు దూరమయ్యారు. 1845 నుంచి 1849 వరకు బంగాళదుంప పంట కుళ్లి వచ్చిన కరవులో దాదాపు పది లక్షల మంది చనిపోయి, మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయిన తరువాత, చాలా ప్రాంతాల్లో ఆడే యువకులే మిగలలేదు. మీ మనవడి పక్కింటి పెద్దాయన ముత్తాత, ఈ విధ్వంసం తరువాత కూడా కర్రను వదలని కొద్ది ఊళ్లలో ఒకదానికి చెందినవాడై ఉంటాడు.

ఇక క్లబ్బు సంగతి. క్లబ్బు అంటే ఆడేవాళ్ల గుంపు మాత్రమే కాదు. దానికి ఒక పేరు, ఒక కార్యదర్శి, రాసిపెట్టిన నియమాలు, మరొక ఊరితో ఒప్పందం మీద ఆడగలిగే ఏర్పాటు ఉండాలి. ఊరి పొలిమేర లోపల ఆడుకున్నంత కాలం నియమాలు రాసుకోవలసిన పని లేదు, ఎందుకంటే అవి అందరి నోళ్లలోనూ ఉంటాయి. పక్క ఊరితో ఆడవలసి వచ్చినప్పుడే "మీ దగ్గర ఇది తప్పు కాదా?" అనే ప్రశ్న పుడుతుంది. గాల్వే కౌంటీలోని కిల్లిమోర్ అనే ఊరికి 1869 నాటివని చెప్పే సొంత నియమాలు ఉండేవి. డబ్లిన్‌లో సివిల్ సర్వీసు పరీక్షలకు పిల్లలను తయారుచేసే శిక్షణాలయం నడుపుతున్న మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు (ఈయన 1847లో క్లేర్ కౌంటీలో పుట్టాడు) 1883లో మెట్రొపాలిటన్ అనే హర్లింగ్ క్లబ్బు పెట్టి, 1884 ఈస్టర్ సోమవారం నాడు తన నగరపు జట్టును బాలినస్లో సంత మైదానానికి తీసుకుపోయి కిల్లిమోర్ వాళ్లతో ఆడించాడు. ఒకరి ఆట మరొకరికి తప్పుగా కనిపించడంతో ఆ పోటీ సజావుగా సాగలేదు. నా దృష్టిలో హర్లింగ్ క్లబ్బుల చరిత్రకు అసలు ఆరంభం ఆ చెడిపోయిన ఆటే. దేశమంతటికీ ఒకే నియమావళి ఉండకపోతే పని జరగదని ఆ సంత మైదానంలో తేలిపోయింది.

అదే ఏడాది నవంబరు 1న టిప్పెరెరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్లోని బిలియర్డ్స్ గదిలో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఏర్పడింది. వచ్చినవాళ్లు ఏడుగురని సాధారణంగా చెబుతారు. మారిస్ డావిన్ అనే పేరున్న అథ్లెట్ అధ్యక్షుడయ్యాడు, క్యూసాక్ కార్యదర్శులలో ఒకడయ్యాడు. ఆర్చిబిషప్ క్రోక్, రాజకీయ నాయకుడు పార్నెల్, రైతు నాయకుడు మైకేల్ డావిట్ పోషకులుగా ఉండడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడుగురిలో ఒకడు పోలీసు అధికారి కావడం విచిత్రం, ఎందుకంటే తరువాతి కాలంలో ఇదే సంఘం పోలీసులకు సభ్యత్వం ఇవ్వరాదని నిబంధన పెట్టి, దాన్ని 2001 దాకా ఎత్తివేయలేదు. మీ మనవడి క్లబ్బు 1886 నాటిదంటే సంఘం పుట్టిన రెండేళ్లలో, ఊరూరా క్లబ్బులు లేచిన ఆ మొదటి అలలోనే పుట్టిందన్నమాట. అయితే కార్క్ నగర శివార్లలోని బ్లాక్‌రాక్ క్లబ్బు తన పుట్టుక 1883 అని, అంటే సంఘానికంటే తానే పెద్దదాన్నని గర్వంగా చెప్పుకుంటుంది.

ఈ క్లబ్బుల హద్దును నిర్ణయించింది చర్చి. ఒక పాదిరి గారి పరిధిలోకి వచ్చే నాలుగైదు పల్లెలను కలిపి పారిష్ అంటారు. ఒక పారిష్‌కు ఒక క్లబ్బు అన్నది తొలినాళ్ల సూత్రం. మన దగ్గర ఒక రెవెన్యూ గ్రామమూ, దాని చుట్టూ ఉన్న మజరాలూ కలిసి ఒక జట్టు కట్టినట్టు అనుకోండి. ఏ పారిష్‌లో పుట్టినవాడు ఆ పారిష్‌కే ఆడాలి. బాగా ఆడతాడని పక్క ఊరివాడిని తెచ్చుకోవడం తప్పు. అందుకే అన్నదమ్ములు, బావమరుదులు, మేనమామలు కలిసి ఒకే జట్టులో కనిపిస్తారు. ఆటలో పడిన గొడవ పెళ్లిళ్ల దాకా, పొలం గట్ల దాకా పాకిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. మన ఊళ్లలోనూ అంతే కదా.

మైదానం గురించి మీరడిగింది అసలైన ప్రశ్న. తొలి క్లబ్బులకు సొంత మైదానాలు లేవు. ఎవరో ఒక రైతు పశువులను తోలేసి, గడ్డి కోసిన పచ్చిక బయలును ఒక ఆదివారం మధ్యాహ్నానికి ఇచ్చేవాడు. భూస్వామికీ కౌలుదారుకీ మధ్య పోరాటం మండుతున్న కాలం అది. పొలం ఇచ్చిన రైతు ఎవరు, ఇవ్వనివాడు ఎవరు అన్నదాన్ని బట్టి ఆ ఊళ్లో ఎవరు ఎటువైపు ఉన్నారో చెప్పేయవచ్చు. ఇక ఆదివారం సంగతి: అప్పటిదాకా ఆంగ్లేయ పద్ధతిలో నడిచే క్రీడోత్సవాలు శనివారం జరిగేవి. శనివారం కూలికి పోకపోతే పొయ్యి వెలగని వాడికి వాటిలో చోటు లేదు. చర్చి ప్రార్థన ముగిసిన తరువాత ఆదివారం ఆడుకోనివ్వడం వల్లనే కూలివాడు, పాలేరు, కొట్లో గుమాస్తా ఈ క్లబ్బుల్లోకి రాగలిగారు. నన్నడిగితే హోటల్ గదిలో చేసిన తీర్మానాల కంటే ఈ ఆదివారమే ఆటను బతికించింది.

కర్ర ఖర్చు ఎవరికి వారిదే. మీరు మా కార్యాలయానికి తెచ్చి బల్ల మీద పెట్టిన మీ మనవడి చిన్న కర్రనే చూడండి. అది యాష్ అనే చెట్టు మొదలు నుంచి, వేరు విచ్చుకునే చోటు కలిసి వచ్చేట్టు కోసిన చెక్క. పిడి దగ్గర నిలువుగా దిగిన గీతలు కింది చదునైన భాగం దగ్గరకు వచ్చేసరికి తెగకుండా వంపు తిరిగి పక్కకు పోతాయి. వంపును చెక్కి తేలేదు. చెట్టులో ఉన్న వంపునే వాడుకున్నారు. మన వడ్రంగి నాగలికి తుమ్మ మొద్దును ఎంచేటప్పుడు సహజంగా వంగిన దాన్నే వెతుకుతాడు, ఎందుకంటే నిట్ట దుంగను వంకరగా చెక్కితే నార తెగి, మొదటి చాలులోనే విరుగుతుంది. అక్కడా అదే లెక్క. చివర చుట్టూ బిగించిన సన్నని రేకు పట్టీ చెక్క పగలకుండా కాపాడుతుంది. తొలినాళ్లలో ఊరి వడ్రంగి చేసిచ్చినదో, కంచె చెట్టు నుంచి ఆటగాడే నరుక్కున్నదో కర్ర అయ్యేది. అంతకు పూర్వపు బంతులు పశువుల వెంట్రుకలను ముద్ద చేసి, పైన గుర్రపు వెంట్రుకలతో జడలా అల్లినవి. చిత్తడి నేలల్లో పీట్ (ఎండబెట్టి పొయ్యిలో వాడుకునే బురద మట్టి) తవ్వేవాళ్లకు దొరికిన అటువంటి బంతులు ఐర్లండ్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పుడు మీ తగవులోని రెండో చిక్కు. 1886లో పుట్టిన క్లబ్బు 1886 నుంచి ఆగకుండా నడిచిందని అర్థం కాదు. సంఘంలోకి రహస్య విప్లవకారులు చొరబడ్డారని ప్రభుత్వం నిఘా పెట్టింది; 1887 నవంబరులో థర్లెస్‌లో జరిగిన మహాసభలో పాదిరులూ విప్లవకారులూ రెండుగా చీలిపోయారు. 1888లో నిధుల కోసం అమెరికా పర్యటనకు ఆటగాళ్లను పంపితే డబ్బు రాకపోగా అప్పు మిగిలింది, వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు. 1890 చివర పార్నెల్‌కు ఒక వివాహితతో ఉన్న సంబంధం బయటపడి, ఆయన నాయకత్వం మీద దేశమే రెండు ముక్కలైనప్పుడు ఊరి క్లబ్బులూ ముక్కలయ్యాయి. వలసలు సరేసరి. ఎన్నో క్లబ్బులు కొన్నేళ్లు మూతపడి, తరువాత వేరే పేరుతో, వేరే రంగు చొక్కాలతో మళ్లీ లేచాయి. పాత క్లబ్బుకు సాధువు పేరు, కొత్తదానికి ఉరికంబమెక్కిన దేశభక్తుడు ఎమ్మెట్ పేరు, లేదా యుద్ధవీరుడు సార్స్‌ఫీల్డ్ పేరు ఉండవచ్చు. రెండూ ఒకటేనా కాదా అన్నది చరిత్ర రాసేవాడి నిజాయితీ మీద ఆధారపడుతుంది. కనుక మీ అమ్మాయిని అడిగి కనుక్కోండి: పుస్తకంలో 1890 తరువాత పదేళ్ల గురించి ఏమి రాశారు? ఆ పేజీలు పలచగా ఉంటే, పక్కింటి పెద్దాయన దగ్గర ఇంకో గంట కూర్చోవడం మంచిది.

మీ చెడుగుడు జట్టుకూ ఇదే కొలబద్ద పనికొస్తుంది. మన వైపు ఆటను చెడుగుడు అని పిలిచిన రోజులూ, కబడ్డీ అని పిలిచిన రోజులూ వేరు వేరు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడ్డ తరువాత అచ్చు నియమాలు, కొలతలు పల్లెలకు చేరుతూ వచ్చాయి. మీ ఊరి పెద్దలు స్వర్ణముఖి ఇసుకలో కూతపెట్టింది ఏ నియమాలతో, అచ్చు నియమాలు మీ ఊరికి వచ్చింది ఏ ఏడాది, తెచ్చింది ఎవరు అన్నవి వేరు వేరుగా రాయండి. గెలిచిన కప్పుల జాబితా చివరికి పోనివ్వండి. ముందు బరి గీసిన స్థలం ఎవరిదో, ఆ ఇంటివారు ఇవ్వడానికి కారణమేమిటో అడగండి.

ప్రశ్న: హర్లింగ్‌లో ఒక గోలుకు మూడు పాయింట్లట. ఈ లెక్క మొదటి నుంచీ ఉన్నదా? మొదటి జాతీయ పోటీలో ఎవరు గెలిచారు? ఇప్పటికీ ఆటగాళ్లకు జీతం లేదని విన్నాను, నమ్మశక్యంగా లేదు.
— వ్యాయామ ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మొదటి నుంచీ లేదు. తొలి పోటీల్లో ఒక్క గోలు ఎన్ని పాయింట్లనైనా మింగేసేది. అంటే పది పాయింట్లు కొట్టిన జట్టు ఒక్క గోలు చేతిలో ఓడిపోయేది. 1892లో గోలును 5 పాయింట్లకు సమానం చేశారు, 1896లో 3కు తగ్గించారు. జట్టులో మొదట 21 మంది ఆడేవారు. 1892లో 17 మంది, 1913లో 15 మంది అయ్యారు. ఇప్పుడు కనిపించే ఇంగ్లీషు 'హెచ్' ఆకారపు స్తంభాలు 1910లో వచ్చాయి. అడ్డకర్ర కింద నుంచి పోతే గోలు, పై నుంచి పోతే పాయింటు. అంతకు ముందు గోలు స్తంభాలకు రెండు పక్కలా మరో రెండు స్తంభాలు ఉండేవి, వాటి మధ్య నుంచి పోయినా పాయింటు ఇచ్చేవారు. నియమాలు ఇలా ఇరవై ముప్పై ఏళ్లపాటు దిద్దుకుంటూ వచ్చాయి కనుక, తొలి క్లబ్బుల స్కోర్లను నేటి లెక్కతో పోల్చడం తప్పు.

మొదటి జాతీయ పోటీ 1887 సంవత్సరానిది. ఫైనల్ మాత్రం 1888 ఏప్రిల్ 1న, ఈస్టర్ ఆదివారం నాడు, బర్ అనే పట్టణంలో జరిగింది. బరిలోకి నిజంగా దిగినవి ఐదు కౌంటీలే. అప్పట్లో కౌంటీ అంతటి నుంచీ ఏరి జట్టు కట్టే పద్ధతి లేదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే కౌంటీ తరఫున వెళ్లేది. టిప్పెరెరీ పేరున థర్లెస్ క్లబ్బు, గాల్వే పేరున మీలిక్ క్లబ్బు తలపడ్డాయి. థర్లెస్ ఒక గోలు, ఒక పాయింటు చేసి గెలిచింది. మీలిక్‌కు ఏమీ రాలేదు. ఆ గోలు కొట్టినవాడు టామీ హీలీ. ప్రయాణపు ఖర్చులు ఎవరు పెట్టుకోవాలన్న తగాదాలో థర్లెస్ జట్టులోని కొందరు ఆటగాళ్లు అసలు బయలుదేరనే లేదు. జిల్లా పోటీలకు పిల్లలను ఆర్డినరీ బస్సులో తీసుకుపోయి, టిఫిను డబ్బులు సొంత జేబులోంచి తీసే మీకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

జీతం మాట నిజమే. 82,000 మందికి పైగా పట్టే డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఆదివారం ఫైనల్ ఆడిన ఉపాధ్యాయుడు, సెలవు ముగియగానే నల్లబల్ల ముందు నిలబడవలసిందే. ఆ మైదానాన్ని సంఘం 1913లో 3,500 పౌన్లకు కొన్నది, ఆర్చిబిషప్ పేరు పెట్టుకున్నది. ఆటగాడు తన పారిష్‌ను వదిలి డబ్బిచ్చేవాడి వైపు పోలేడు, ఎందుకంటే డబ్బిచ్చేవాడే లేడు. ఇది మంచి పద్ధతా కాదా అన్నది అక్కడ కూడా ఈనాటికీ తెగని వాదన. టిక్కెట్ల డబ్బు లక్షల్లో వస్తుంటే ఆటగాడి మోకాలి నొప్పికి ఎవరు బాధ్యులని అడిగేవాళ్లకు న్యాయం లేదనలేము. అయినా జీతం ప్రవేశించిన రోజున ఒక పారిష్‌కు ఒక క్లబ్బు అన్న ఏర్పాటు నిలవదని నా అనుమానం.

ప్రశ్న: మా సొంతూరు మదనపల్లె. అక్కడి కాలేజీలో పనిచేసిన కజిన్స్ దంపతులు ఐర్లండ్ వారని చిన్నప్పుడు విన్నాము. వాళ్లకూ ఈ ఆటల ఉద్యమానికీ సంబంధం ఉన్నదా? ఆడవాళ్లు హర్లింగ్ ఆడేవారా?
— ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజం. బెల్‌ఫాస్ట్‌లో 1873లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ఆయన భార్య మార్గరెట్ 1878లో రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ పట్టణంలో పుట్టారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాకూర్ మదనపల్లెలో బస చేసి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు, ఆ పాటకు స్వరలిపి రాసింది సంగీతం చదువుకున్న మార్గరెట్ గారే.

సంఘం పుట్టిన 1884లో ఈ దంపతులు చిన్నపిల్లలు. వాళ్లు పెరిగిన ఐర్లండ్‌లో మూడు పనులు ఒకేసారి నడిచాయి: ఊళ్లలో ఆటల క్లబ్బులు, 1893 నుంచి ఐరిష్ భాష నేర్పే గేలిక్ లీగ్, పట్టణాల్లో నాటకాలు, కవిత్వం. జేమ్స్ గారు మూడో దారిలో నడిచిన మనిషి. భాషా తరగతికి పోయిన యువకుడే ఆదివారం కర్ర పట్టడం మామూలే కనుక, ఆ మూడింటికీ మధ్య గోడలు లేవు.

ఆడవాళ్ల సంగతికి వస్తే, తొలి హర్లింగ్ క్లబ్బుల్లో వాళ్లకు చోటు లేదు. భాష నేర్చుకోవడానికి గేలిక్ లీగ్‌లో చేరిన యువతులు తమకూ ఒక ఆట కావాలని హర్లింగ్‌ను కొంచెం మార్చి, తేలిక కర్రతో, చిన్న మైదానంలో ఆడే కమోగీని తయారుచేశారు. 1904 జూలైలో నవాన్ పట్టణంలో తొలి బహిరంగ పోటీ జరిగింది. పొడవాటి లంగాలు పాదాల దాకా ఉండేవి కనుక, బంతిని కావాలని లంగాతో ఆపడం తప్పని తొలి నియమాల్లోనే రాసుకోవలసి వచ్చింది. మార్గరెట్ గారి దారి వేరైనా కాలం అదే: 1908లో ఆమె డబ్లిన్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం సంఘం పెట్టినవారిలో ఒకరు, 1915లో భర్తతో మన దేశానికి వచ్చి, 1927లో అఖిల భారత మహిళా సమావేశం ఏర్పాటులో ముందు నిలిచారు. మీకు మదనపల్లెలో బంధువులుంటే, ఈసారి వెళ్లినప్పుడు ఆ కళాశాల ఆవరణను చూసి రండి.